నతేలా పెళ్లి బాన

మా కాఖెతీ సీమ వైన్ రుచి చూద్దామని నా టాక్సీలో వచ్చిన హాలెండు దొర, మా ఊరి షాల్వా తన ఇంట్లో పోసిన వైన్ పుక్కిలించి పక్కనున్న బకెట్‌లో ఉమ్మేశాడు. తర్వాత పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

షాల్వా మొహం మాడిపోయింది. "ఏం రాశాడ్రా?"

"తడిసిన గడ్డి, పాత తోలు వాసనట, మావయ్యా."

"గడ్డా? ఎనిమిది వేల ఏళ్లుగా ఈ నేలలో వైన్ చేస్తున్నాం. ఇంటికొచ్చి ఉమ్మినవాడు ఒక్కడు లేడు!"

నేలలో పాతిన రెండో బాన మూత తీశాడు. దొర మెచ్చుకోలుగా తలాడించి, అదీ ఉమ్మేశాడు.

షాల్వాకు పౌరుషం పొడుచుకొచ్చింది. గడ్డపార తెచ్చి మూలనున్న బాన మీది మట్టి తవ్వాడు. కూతురు నతేలా పుట్టిన ఏడు నింపి, ఆమె పెళ్లికని దాచిన బాన అది.

దొర దాన్నీ ఉమ్మి, "అద్భుతం!" అన్నాడు.

"అద్భుతమైతే మింగడానికేం రోగం?" అంటూ షాల్వా చతికిలబడ్డాడు. మూత తీసిన బాన వారంలో పులిసిపోతుంది. పెళ్లి బాన పులిస్తే మా ఊళ్లో తలెత్తుకు తిరగలేరు.

అంతలో నావైపు తిరిగాడు. "ఒరేయ్, ఏడేళ్లుగా పిల్లనిమ్మని నా చుట్టూ తిరుగుతున్నావుగా. ఆదివారం ఖాళీయేనా?"

ఖాళీయే అన్నాను.

పాపం, దొర తప్పేం లేదు. వచ్చేటప్పుడు ఊరి మలుపులో కారాపి, నతేలా నేర్పిన ముక్క నేనే ఆయనకు అప్పజెప్పాను: "మా ఊరి మర్యాద అదేనండీ. పోసింది ఉమ్మేస్తేనే ఇంతకంటే మంచిది తీస్తారు."