వేరుశనగ నూనె బండి

“తుపానుకు రోడ్డు తెగి డీజిలు రాకపోతేనేం! మన మిల్లు వేరుశనగ నూనెతో ఈ పాత వ్యాను ఎట్లా పరిగెత్తతా ఉండాదో చూసినావా పోలేరయ్యా?” యజమాని మీరా మొహిద్దీన్ గడ్డం నిమురుకున్నాడు.

“ఎనకాల జనం పరిగెత్తుకొస్తా ఉండారు సాయిబూ,” అన్నాడు డ్రైవరు పోలేరయ్య.

“మన వింత బండిని చూసేదానికే! ఆపు.”

అందరికంటే ముందు ఒకామె చంకలో బిడ్డతో రొప్పుతూ వచ్చి సత్తు గిన్నె చాచింది.

“వడలు కాలుస్తా ఉండారా సాయిబూ? వాసన మా గుడిసెల దాకా వచ్చింది. మూడు దినాలుగా పిలకాయలకు గంజి కూడా లేదు.”

ఇంజను ఇంకా ఆడుతూనే ఉంది. పొగగొట్టం నుంచి నూనె కాగే కమ్మటి వాసన వస్తోంది.

ఆమె వ్యానులోకి తొంగిచూసింది. “ఆ డబ్బాల్లో ఉండేది నూనేనా?”

మీరా మొహిద్దీన్ తల దించుకున్నాడు.

“కాదమ్మా... డీజిలు.”