నీలవేణి గొంతులో గడ్డ

ప్రతి ఇంట్లో స్నానాలగది అద్దమే ఒంటిని పరీక్ష చేసే రోజులవి. పార్వతీపురంలో వీధివీధీ తిరిగి కూరగాయలమ్మే నీలవేణి గొంతులో, థైరాయిడ్ గ్రంథిలో, బఠాణీ గింజకన్నా చిన్న క్యాన్సర్ గడ్డ ఉందని ఒక ఉదయం అద్దం చెప్పింది. భర్త పోలినాయుడు కంగారుపడి, ఆ రోజే ఆపరేషన్‌కు పేరు రాయించేశాడు.

నీలవేణి మాత్రం వార్డు సలహాదారు రెహానాను పిలిపించింది. వైద్య పరిశోధనలు చదివి, వాటిలో తేలింది ఇంటింటికీ వచ్చి చెప్పడం ఆమె ఉద్యోగం.

“ఇంత చిన్న గడ్డలున్న రెండువేల మందిని ఇరవయ్యేళ్లు చూశారు పిన్నీ. సగం మందికి ఆపరేషన్ చేశారు, మిగతావాళ్లకు పరీక్షలు చేస్తూ వచ్చారు. రెండు వైపులా బతికినవాళ్లు సమానమే. ఆపరేషనైన వాళ్లలో కొందరికి మాత్రం గొంతు పోయింది.”

“గొంతు పోతే నానెలా కేకేత్తాను? ఆర్నెల్లకోపాలి సూపించుకుంతాను, సాలు,” అంది నీలవేణి.

“పెరిగితేనో?” అన్నాడు పోలినాయుడు.

“అప్పుడు తీయించుకోవచ్చు బాబాయ్. ఆలస్యమైపోదు.”

పోలినాయుడి మొహం వెలిగింది. “అయితే నా బీపీ మాత్తర్లు కూడా మానెయ్యొచ్చేటమ్మా?”

“వాటి పరిశోధనలూ చదివాను. మాత్రలు వేసుకున్నవాళ్లకు పక్షవాతం బాగా తగ్గింది. మానొద్దు బాబాయ్.”

నీలవేణి పకపకా నవ్వి, మాత్రా నీళ్లగ్లాసూ తెచ్చి అతని చేతిలో పెట్టింది.