నాలుగు చుక్కలు చాలు

"గొట్టమా? నెలన్నర పిల్లకు గొట్టం పెడతారా? మీకసలు పిల్లలున్నారా?"

అత్తగారు ఆస్పత్రి గది తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. నర్సు చేతిలో సన్నటి గొట్టం, చిన్న సీసా ఉన్నాయి.

"జ్వరం ఎందుకొచ్చిందో తెలియాలి కదమ్మా. మూత్రంలో క్రిములుంటే ఈ కొత్త పరీక్షలో వెంటనే బయటపడుతుంది. నాలుగు చుక్కలు చాలు."

"నాలుగు చుక్కలకి ఇంత హంగామానా? ఆ సీసా ఇలా తే, నేనే పట్టిస్తా. దీని తల్లిని పెంచిన చేతులివి!"

"మా అత్తయ్య చెప్పింది నిజమే," అన్నాడు పాప తండ్రి. అత్తా అల్లుళ్లు ఒక్క మాట మీద నిలబడటం ఆ ఇంట్లో అదే మొదలు.

చాలాసేపటికి ఆవిడ పాపను భుజాన వేసుకుని బాత్‌రూమ్‌లోంచి వచ్చారు. సీసా మెడదాకా నిండి ఉంది.

"మా చిట్టిది గట్టిదే!" అని మురిసిపోతూ అల్లుడే దాన్ని ల్యాబుకు పట్టుకెళ్లాడు.

ఆ మురిపెం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. మూత్రంలో ఏ దోషమూ లేదని తేలింది. జ్వరం మాత్రం దిగలేదు. పాప పాలు తాగడం మానేసింది. ఏడ్చే ఓపిక కూడా లేక మూలుగుతోంది. పక్కనే తల్లి కళ్లు తుడుచుకుంటోంది.

"ఇక వెన్నులోంచి నీరు తీసి చూడాలి. సంతకం పెట్టండి," అన్నాడు డాక్టరు.

అల్లుడికి ఒళ్లు మండిపోయింది.

"వెన్నులో సూదా? వెంటనే బయటపడుతుందన్నారుగా! ఒళ్లు పెనంలా కాలుతుంటే ఏమీ లేదంటుందా మీ పరీక్ష? తప్పు మీ మిషన్లది, పోట్లు మా పాపకా?"

"మూత్రంలో లేదంటే ఇంకెక్కడో ఉందనేగా? ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది."

అల్లుడు పళ్లు నూరుతూ పెన్ను అందుకున్నాడు. అత్తగారు దాన్ని లాక్కున్నారు.

"సూది వద్దు. గొట్టం పెట్టండి. మళ్లీ మూత్రమే చూడండి."

అల్లుడు ఇక ఆగలేకపోయాడు. "పొద్దున గొట్టం వద్దని ఆస్పత్రంతా ఏకం చేసింది మీరే! ఇప్పుడు గొట్టమే కావాలా? అన్నిటికీ అడ్డుపుల్లేనా? ఇది పాప ప్రాణం అత్తయ్యా, మీ పంతం కాదు!"

"మూత్రం శుభ్రంగా ఉందని తేలిపోయిందిగా! మళ్లీ చూసి ఏం లాభం?" డాక్టరూ విసుక్కున్నాడు.

అత్తగారు గోడకు జారగిలబడ్డారు. అల్లుడి ముఖంలోకి చూడలేక తల దించుకున్నారు.

"ఆ సీసా నింపింది పాప కాదు, నేను, బాబూ."