మేడం గారి గీత

డెమో అయిపోవచ్చింది. తెర మీద ఒక్కొక్కరి పేరు పక్కన ఒక్కో రంగు గీత సాగింది. ఒక్క పేరు పక్కన మాత్రం ఏమీ లేదు.

"మేడం గీత ఏది?" అన్నారెవరో.

"ఉందిగా, కళ్ళజోడు పెట్టుకుని చూడు," అన్నాడు టెస్టింగ్ చేసే అతను. గది గొల్లుమంది.

పొట్లం కూడా నవ్వాడు.

పొట్లం అంటే ఆ టూల్‌ని కట్టినతను. ప్రాజెక్టులో ఎవరు ఎంత పని చేస్తున్నారో, ఎక్కడ పని ఆగిపోయిందో గీతలుగా చూపించే టూల్ అది. దానికి కావలసిన ఫైళ్ళన్నీ ఒక ప్యాకేజీగా చుట్టి, ఎవరి కంప్యూటర్లోనైనా ఒక్క నొక్కుతో ఇన్‌స్టాల్ అయ్యేలా చెయ్యడం అతని పని. ఆ పేరు అలా వచ్చింది.

మేడం అంటే మాన్యువల్ రాసే ఆవిడ. చాలా ఏళ్ళు ఇంటిపట్టునే ఉండి, యాభై దాటాక మళ్ళీ ఉద్యోగంలో చేరింది. ఇక్కడ ఖాళీ ఉందని ఎవరో చెబితే వచ్చిందట. ఎంత చిన్నవాళ్ళనైనా మీరు అనే అంటుంది. మధ్యాహ్నం కిటికీ పక్కన ఒక్కతే కూర్చుని తింటుంది. పొట్లం ఆ బల్ల దరిదాపులకి పోడు.

పెద్ద ఆఫీసు నుంచి వచ్చిన మేనేజర్ నవ్వలేదు. "ఈవిడ ఏం చేస్తుంటారు?" అని అడిగాడు, ఆమె అక్కడ లేనట్టే.

అప్పుడు తట్టింది పొట్లానికి. రాతపనిని కూడా లెక్కలోకి తీసుకునే ఫైలొకటి ఉంది. ప్యాకేజీలో దాన్ని పెట్టడం మర్చిపోయాడు. ఆమె రాసిన పేజీలేవీ టూల్‌కి కనబడటం లేదు.

ఆ ఒక్క మాట చెబితే సరిపోయేది. లాప్‌టాప్ మీదికి తల వంచాడు. మేనేజర్ ముందు తన పనికి మచ్చ పడుతుందనిపించింది.

ఆవిడే లేచింది. "ఒక్కసారికే ఇన్‌స్టాల్ అయింది బాబూ. బాగా కట్టారు," అంది. కుర్చీ చప్పుడు కాకుండా జరిపి, వెళ్ళిపోయింది.

పొట్లం తలెత్తలేదు.

సీటుకొచ్చి, ఆ ఫైలు చేర్చి, మళ్ళీ ప్యాకేజీ కట్టి నడిపాడు. ఆమె పేరు పక్కన గీత సాగింది. టెస్టింగ్ అతని గీత కంటే పొడుగే.

మేనేజర్ కారెక్కబోతుంటే పరుగెత్తుకెళ్ళి లాప్‌టాప్ చూపించాడు. "తప్పు నాది సార్. లోపల ఉండగానే తెలిసింది. చెప్పలేకపోయాను."

మేనేజర్ అతని మొహంలోకి చూశాడు. "వచ్చే నెల నుంచి రావక్కర్లేదని ఆవిడకి ఇప్పుడే చెప్పొచ్చాను. ఆ మాట వెనక్కి తీసుకుంటాను. నవ్విన సంగతి మాత్రం మీరే చూసుకోవాలి."

పైకొచ్చేసరికి ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. తప్పు తనదేనని అందరికీ మెయిల్ పెట్టాడు. టెస్టింగ్ అతను భుజం తట్టాడు. "పోనీలేరా. పెద్దావిడ, ఏమీ అనుకోదు."

ఆ ఓదార్పుకి ప్రాణం ఇంకా చచ్చిపోయింది.

బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. దిగి, మెట్లు ఒక్కొక్కటే ఎక్కాడు. తలుపు ముందు నిలబడి జేబులో చెయ్యి పెట్టాడు. మళ్ళీ తీసేశాడు. గంట కొట్టాడు.

ఆమే తలుపు తీసింది. అప్పుడే మొహం కడుక్కున్నట్టుంది. కళ్ళ ఎరుపు మాత్రం పోలేదు.

"మేడం..." అన్నాడు.

ఆమె పక్కకి తప్పుకుని దారిచ్చింది.

"నీకు చిన్నతనంగా ఉంటుందంటే ఆఫీసులో ఊరుకున్నాను గానీ, ఇంటికొచ్చాక కూడా మేడం ఏంట్రా, అమ్మా అను."