ఆదివారం అగ్గిపెట్టె

“అగ్గిపెట్టె మళ్లీ మాయం. ఈ ఇంట్లో ఆదివారం సెలవు నా ఇంజనుకే,” అని విసుక్కున్నాడు మామగారు. ఆయన చేసిన బొమ్మ రైలింజను ఆర్నెల్లుగా ఒక్కసారీ ఆవిరి ఎరగదు.

అల్లుడు రాగి బాయిలరు అతుకుని గోరుతో గీకి చూశాడు. “మామయ్యా, ఇది తగరం టంకం కదూ? నీళ్లు కాస్త తగ్గితే మంటకి అతుకు కరిగిపోతుంది. ఆవిరంతా మీ మొహం మీదికే.”

“గొట్టాలకీ అదే వేశాను. నిక్షేపంగా ఉన్నాయి.”

“గొట్టాల కింద మంట ఉండదుగా,” అంటూ అత్తగారు పంచదార డబ్బాతో వంటింట్లోంచి వచ్చింది. “బాయిలరుకి వెండి టంకం, అది పట్టడానికి వెలిగారం వాడాలి. మా నాన్న చిల్లు గిన్నెలకి మాట్లు వేసేవాడు.”

“మరి ఇన్నాళ్లూ చెప్పవేం?”

“మొదటి రోజే చెప్పబోయాను. ఇది వంటింటి వ్యవహారం కాదన్నారు.”

డబ్బాలోంచి అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టింది.

“ఆ తగరమంతా గీకేసి, తళతళలాడేలా తోముకు రండి. మురికి మీద వెలిగారం పనిచెయ్యదు.”

 మామగారు బాయిలరు చంకన పెట్టుకుని కుళాయి దగ్గరికి నడిచాడు.

“గిన్నెలు తోమే పీచు ఎక్కడ పెడతావే?” అని అక్కణ్ణుంచే అడిగాడు.