జబ్బు తులిప్

ట్రూస్ కిటికీ తెర తీసేసరికి గేటు దగ్గర మళ్ళీ వాడే.

పోలండు నుంచి తులిప్ పూల పొలాల్లో కూలికి వచ్చిన లెషెక్.

"ఏయ్! రోజూ పొద్దున్నే మా గేటు దగ్గర ఏం పని నీకు?"

"అమ్మా... మీ ఆయన..."

"మా ఆయన ఊసు నీకెందుకు? ముందు మా భాష నేర్చుకో, తర్వాత నోరెత్తు. నడు!"

ట్రూస్ నోరు కాలవ అవతలికి కూడా వినబడుతుంది. లెషెక్ తలొంచుకుని పొలం దారి పట్టాడు.

అప్పటికే వెనక గుమ్మంలో ఆమె మొగుడు బెర్టుస్ ఇసక అంటిన బూట్లు విప్పుతున్నాడు. ఆయనకు మతిమరుపు ముదిరింది. ఒక్కోరోజు పెళ్ళాం కూడా గుర్తుండదు. అయినా పొద్దున్నే నడకకు వెళ్ళి మళ్ళీ ఇల్లు చేరుతున్నాడు. ట్రూస్‌కు అదొక్కటే ధైర్యం.

"దారి తప్పిన రోజున వృద్ధాశ్రమంలో చేర్చక తప్పదు," అన్నాడు డాక్టరు పోయిన నెల.

"తప్పడు. ఆయన కాళ్ళకే తెలుసు దారి," అంది ట్రూస్ అప్పుడు గర్వంగా.

ఈ పొద్దున కాఫీ తాగి నేరుగా లెషెక్ యజమాని హెంక్ పొలానికి వెళ్ళింది.

"ఆ లెషెక్‌ను పంపించెయ్."

"పనిమంతుడు పిన్నీ. పొద్దున కాస్త ఆలస్యంగా వస్తాడు, అంతే. ఎందుకంటే చెప్పడు."

"నేను చెప్తా. మా ఇంటి మీద కన్నేశాడు! జబ్బు తులిప్ కనబడితే దుంపతో సహా పీకాలి, లేకపోతే సాలంతా పోతుంది. మీ నాన్నకు ఆ పని నేర్పింది మా ఆయనే. నీకు నేను నేర్పాలా?"

పోలండు వాళ్ళంటే ఊరు అప్పటికే గుర్రుగా ఉంది. హెంక్‌కు గొడవలంటే భయం. సాయంత్రానికి లెషెక్ సంచీ సర్దుకున్నాడు.

మర్నాడు గేటు దగ్గర ఎవరూ లేరు.

"పీడ విరగడైంది," అనుకుంటూ ట్రూస్ రెండు కప్పుల్లో కాఫీ పోసింది.

కాఫీ చల్లారింది. వాన మొదలైంది. బెర్టుస్ రాలేదు.

గొడుగు కూడా తీసుకోకుండా ఆమె పరుగెత్తింది.

హెంక్ పొలంలో, సాలు చివర, బెర్టుస్ తడిసి ముద్దై వణుకుతూ నిలబడి ఉన్నాడు.

"ఇక్కడేం చేస్తున్నావయ్యా! పద ఇంటికి!"

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. పోల్చుకోలేదు. చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు.

"మీకెందుకమ్మా శ్రమ? రోజూ నన్ను గేటు దాకా దిగబెట్టే పోలండు అబ్బాయి ఇప్పుడు వచ్చేస్తాడు."