మూడు నొక్కులు

గురువారం ఉదయం తొమ్మిదింటికి ఉత్తరాలు టైపు చేసే ఎడిటర్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ అన్ని ఆఫీసులకూ చేరింది. మధ్యాహ్నానికి ఒక టైపిస్టు నలభై ఆరు ఉత్తరాల్లో పేర్లను తప్పు గడుల్లో కొట్టాడు.

పాత వెర్షన్‌లో పట్టిక లోపల ఇంకో పట్టిక ఉంటే, లోపలి గడి నుంచి బయటపడడానికి కర్సర్‌కు ఒక నొక్కు ఎక్కువ పట్టేది. కర్సర్ ఎంత లోతులో ఉందో లెక్కపెట్టే చోట పొరపాటుంది. దాన్ని పట్టుకుని సరిచేయడానికి ప్రోగ్రామరుకు పదకొండు రోజులు పట్టింది.

టైపిస్టు ఆ ప్రోగ్రామరుకే ఫోన్ చేశాడు.

"ఎనిమిదేళ్లుగా బాణం మీట మూడుసార్లు నొక్కుతున్నానమ్మా. ఇవాళ రెండుకే బయటికొచ్చేస్తోంది."

"ఇన్నాళ్లూ ఉన్నదే తప్పండీ. సరిచేశాం."

"ఆ తప్పుతోనే ఎనిమిదేళ్లు కాపురం చేశాను. చెప్పకుండా విడాకులిప్పిస్తే ఎలా? ఇంకో తప్పు ఉత్తరం వెళ్తే ఈ సీటులోంచి తీసేస్తామన్నారు."

ఆమెకు నవ్వే ఓపిక కూడా లేదు.

"కర్సర్ తెర మీద కనబడుతుంది కదండీ. చూసుకుని నొక్కండి."

"చూపుంటే మీకెందుకు ఫోన్ చేస్తాను తల్లీ? తెర చదివే గొంతు అక్షరాలు చెబుతుంది. ఏ గడిలో ఉన్నానో చెప్పదు. నొక్కులు లెక్కపెట్టుకునే టైపు చేస్తాను."

ఆమె పొద్దున మూసేసిన కర్సర్ కోడ్ ఫైలునే మళ్లీ తెరిచింది.

సాయంత్రం ఐదింటికి ఆయన కంప్యూటరులోకి పాత వెర్షన్ తిరిగి వెళ్తుంది. సోమవారం పదింటికి ఆమె ఆయన పక్కన కూర్చుని, ఏ గడిలో ఉందో పైకి చెప్పే కర్సర్‌ను పరీక్షించాలి. తెర ఆపేసి.